సౌరకుటుంబం నమూనాకు ఏ కొలత తీసుకోవాలి?

నమస్కారం. పల్లెటూరి హైస్కూల్లో సైన్సు చెబుతాను. బొమ్మల్లో గ్రహాలన్నీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పిల్లలకు అసలు దూరాలు ఊహకు అందడం లేదు. ఊరి రోడ్డు మీద సరైన నిష్పత్తిలో నమూనా పెట్టి, వాళ్లను దాని వెంట నడిపించాలని నా కోరిక.

వంద కోట్ల వంతుకు తగ్గిస్తే సూర్యుడు 1.4 మీటర్లు, భూమి 13 మిల్లీమీటర్లు, మధ్య దూరం 150 మీటర్లు. చూడటానికి బాగుంటుంది. కానీ నెప్ట్యూన్ 4.5 కిలోమీటర్ల అవతలికి పోతుంది, ఎండలో పిల్లల్ని అంత దూరం తీసుకెళ్లలేను. వెయ్యి కోట్ల వంతుకు తగ్గిస్తే నెప్ట్యూన్ 450 మీటర్లలోనే వస్తుంది గానీ, భూమి ఆవగింజంత అయిపోతుంది. చంద్రుడైతే దానికి 4 సెంటీమీటర్ల దూరంలో 0.35 మిల్లీమీటర్ల చుక్క! వెనక నిలబడ్డవాళ్లకు ఏం కనబడుతుంది? గ్రహాలకు ఒక కొలత, దూరాలకు ఇంకో కొలత వాడటం మాత్రం నాకు ఇష్టం లేదు, అసలు విషయమే పోతుంది.

ఇలాంటిది చేసినవాళ్లు ఏ కొలత వాడారు? చిన్న గ్రహాలను వేటితో చేశారు? ఇంకొకటి. మొదటి కొలతలో, సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ దాదాపు 40,000 కిలోమీటర్ల దూరంలో ఉండాలి, అంటే ఇంచుమించు భూమి చుట్టుకొలత. పన్నెండేళ్ల పిల్లలకు అది ఎలా చెబితే అర్థమవుతుందో దయచేసి చెప్పండి.