ఎమ్మెస్సీ గణితంలో నిరూపణలు బోర్డు మీద రాసి చెప్పాలా, విద్యార్థుల చేత చేయించాలా?

మొదటి అభిప్రాయం:
నిర్వచనం, సిద్ధాంతం, నిరూపణ అనే వరుసలో చెప్పుకుపోవడమే సరైన పద్ధతి అని నేను అనుకుంటున్నాను. సిలబస్ పూర్తికాకపోతే సెమిస్టరు పరీక్షల్లోనూ, పరిశోధనకూ, అధ్యాపక ఉద్యోగాలకూ అర్హత పరీక్ష అయిన సీఎస్‌ఐఆర్ నెట్‌లోనూ నష్టపోయేది మనమే. అధ్యాపకులు మమ్మల్ని ఊహించమంటూ గంటలు గడిపినందువల్ల మా సెక్షన్‌లో చివరి యూనిట్ మిగిలిపోయింది.

జవాబు:
సిలబస్ గురించి మీరన్నది నేను కొట్టిపారేయను. హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న నాకూ నెట్ ముఖ్యమే. అయితే ఆ వరుసలో చెప్పిన పాఠం నోట్సులోకి ఎక్కినంత తేలికగా బుర్రలోకి ఎక్కదు. ఏకరూప అభిసరణ (యూనిఫామ్ కన్వర్జెన్స్, అంటే ప్రమేయాల వరుస అన్ని బిందువుల దగ్గరా ఒకే తీరున తన అవధికి చేరువ కావడం) నిర్వచనాన్ని మొదట నేను అలాగే రాసుకున్నాను. వరుసలో ఎన్నో పదం నుంచి అవధికి కావలసినంత దగ్గరగా ఉంటామో చెప్పే ఎన్ విలువ, ఎక్స్ అనే బిందువు మీద ఆధారపడకూడదన్న షరతు ఎందుకు పెట్టారో తెలియకుండానే, ఇంటర్నల్ పరీక్షలో పొల్లుపోకుండా రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను.

తరువాతి సెమిస్టరులో వేరొక మేడమ్ ఆ నిర్వచనం జోలికే పోకుండా, సున్నా నుంచి ఒకటి వరకు ఎక్స్, ఎక్స్ వర్గం, ఎక్స్ ఘనం, ఇలా గ్రాఫులను ఒకదాని మీద ఒకటి గీశారు. ఘాతం పెరిగేకొద్దీ వక్రం ఎక్స్ అక్షానికి అంటుకుపోతూ, కొసన మాత్రం నిట్టనిలువుగా లేస్తోంది. "ఇవన్నీ అవిచ్ఛిన్న ప్రమేయాలే (గ్రాఫు ఎక్కడా తెగనివే) కదా, వీటి అవధి కూడా అవిచ్ఛిన్నమేనా?" అని అడిగి, సుద్దముక్క బల్ల మీద పెట్టి నిలబడ్డారు. మాలో చాలామంది అవునన్నాం. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "ఒకటి దగ్గర విలువ ఒకటి, దానికి ఎడమవైపంతా సున్నాయే కదండీ" అనేదాకా మా తప్పు మాకు కనబడలేదు. అవిచ్ఛిన్న ప్రమేయాల శ్రేణి అభిసరిస్తే దాని మొత్తం కూడా అవిచ్ఛిన్నమేనని 1821లో ఫ్రెంచి గణితవేత్త కోషీ అంతటివారే రాశారనీ, 1826లో నార్వే గణితవేత్త ఆబెల్ ఒక సైన్ శ్రేణితో దానికి మినహాయింపు చూపారనీ మేడమ్ అప్పుడు చెప్పారు. ఎన్ అన్ని ఎక్స్‌లకూ ఒక్కటే అయితే అవధి తప్పక అవిచ్ఛిన్నమవుతుంది; ఆ షరతు ఎందుకుందో ఆరోజు నాకు అర్థమైంది. దీనికంతటికీ ఇరవై నిమిషాలు పట్టింది.

అలాగని అన్నీ విద్యార్థులే కనిపెట్టాలన్న వాదనకూ నేను ఒప్పుకోను. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో గణిత ఆచార్యులు ఆర్.ఎల్. మూర్ స్వీకృతాలు (నిరూపణ లేకుండా ఒప్పుకునే మాటలు), నిర్వచనాలు మాత్రమే ఇచ్చి, పుస్తకాలు చూడనివ్వకుండా నిరూపణలన్నీ విద్యార్థుల చేతే చేయించేవారు. అరవై మంది ఉన్న మన తరగతుల్లో అలా చేస్తే మాట్లాడేది నలుగురైదుగురే. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు, జవాబు తెలిసినా ఇంగ్లీషులో చెప్పడానికి జంకి ఊరుకుంటారు; వారికి రాదనే అందరూ అనుకుంటారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ప్రశ్న అడిగిన అధ్యాపకులు జవాబును తెలుగులోనూ చెప్పనివ్వాలి.

మొదటి అభిప్రాయం రాసినవారు:
మీ ఉదాహరణ బాగుందండీ. కానీ సిద్ధాంతానికి ఇరవై నిమిషాల చొప్పున ఎక్కడి నుంచి తెస్తారు?

జవాబు:
ప్రతి సిద్ధాంతానికీ అక్కర్లేదండీ. రెండు అవిచ్ఛిన్న ప్రమేయాల మొత్తం అవిచ్ఛిన్నమేనన్నటువంటి నిరూపణలను జిరాక్సు నోట్సుగా ఇచ్చేస్తే ఇంటి దగ్గర చదువుకోగలం. ఏకరూప అభిసరణ, కాంపాక్ట్‌నెస్, లెబేగ్ మాపనం (సమితుల పొడవు, వైశాల్యాలను కొలిచే పద్ధతి) వంటి కష్టమైన భావనల చోట్ల మాత్రం అధ్యాపకులు ఆగి మమ్మల్ని ముందు తప్పు చేయనివ్వాలని నేను అడుగుతున్నాను. మీకు మిగిలిపోయిన యూనిట్ ఏదో చెప్పండి; లెబేగ్ మాపనమే అయితే నా నోట్సు ఫొటోలు రేపు ఇక్కడే పెడతాను.