వారక్నబీల్ వైపు ఉద్యోగం వచ్చింది: అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు చెప్పండి

గోదారి_గట్టు:
అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలోని యారియాంబియాక్ షైర్‌లో (షైర్ అంటే అక్కడి స్థానిక పాలనా ప్రాంతం, వారక్నబీల్ ఇందులోదే) వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. మాది 491 వీసా (పెద్ద నగరాల బయట ఉండి పనిచేయడానికి ఇచ్చే తాత్కాలిక వీసా), విక్టోరియా రాష్ట్రం సిఫారసుతో. మావారిది ఇంటి నుంచి చేసుకునే కంప్యూటర్ పని, పాప నాలుగో తరగతి. షైర్ విస్తీర్ణం 7,000 చదరపు కిలోమీటర్లు దాటుతుంది, 2021 లెక్కల్లో జనం 6,500 చిల్లర. మా మండలంలో ఒక్క పెద్ద ఊళ్లోనే అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. అక్కడ బతుకు ఎలా ఉంటుంది? మొహమాటం లేకుండా చెప్పండి.

చట్టం_చదివినవాడు:
ముందు ఒక మాట. 491కి గీలాంగ్, బల్లారట్, బెండిగో లాంటి పెద్ద ఊళ్లు కూడా చెల్లుతాయి. శాశ్వత నివాసానికి మూడేళ్ల లెక్క ఎక్కడున్నా ఒకటే. కేవలం వీసా కోసమైతే మెల్‌బోర్న్ నుంచి 330 కిలోమీటర్లు వెళ్లనక్కరలేదు.

గోదారి_గట్టు:
తెలుసండి. అక్కడ నర్సు ఉద్యోగాలకు పోటీ ఎక్కువ. ఇక్కడ వాళ్లే వెతుక్కుంటూ వచ్చారు.

హార్షమ్_దారి:
నేను వారక్నబీల్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ప్రైమరీ, సెకండరీ బడులు, ఆసుపత్రి, సూపర్ మార్కెట్ ఉన్నాయి కాబట్టి రోజు గడవడానికి ఇబ్బంది లేదు. స్పెషలిస్టు డాక్టరు కావాలంటే దగ్గరి పట్నం హార్షమ్, అక్కడా దొరక్కపోతే బల్లారట్. ఊళ్లోకి ప్రయాణికుల రైలు రాదు. ఇంట్లో ఇద్దరికీ డ్రైవింగ్ రాకపోతే ఒకరు బందీ అయినట్టే. పొద్దు వాలాక కంగారూలు రోడ్డు మీదకు వస్తాయి, ఆ వేళకు ప్రయాణం పెట్టుకోవద్దు.

అసలు సంగతి వేరే ఉంది. ఇక్కడ జనం తక్కువ కాబట్టి మిమ్మల్ని ఎవరూ ఊరికే ఉండనివ్వరు. అగ్నిమాపక దళం నడిచేది ఎక్కువగా స్వచ్ఛంద సభ్యులతోనే. చేరిన మొదటి వారంలోనే మావాడిని ఫుట్‌బాల్ (మనకు తెలిసిన సాకర్ కాదు, ఆస్ట్రేలియావాళ్ల సొంత ఆట) క్లబ్బుకు రమ్మన్నారు, మా ఆవిడను క్యాంటీన్ వంతుల్లో వేశారు. శనివారం మ్యాచ్ అంటే సగం షైర్ అక్కడే ఉంటుంది. ఆటగాళ్లు చాలక పక్క ఊళ్ల జట్లు ఒకదానితో ఒకటి కలిసిపోవడం ఇక్కడ మామూలే. పిల్లవాడు చేరితే ఒక జట్టు నిలబడుతుంది, కుటుంబం చేరితే బడిలో ఒక టీచరు నిలబడతారు. ఆ లెక్క అందరి నోటా ఉంటుంది, మనకు కాస్త బరువుగా కూడా ఉంటుంది.

డాక్టరుగారి_ఇంటావిడ:
హరివిల్లు ఒక్కటే చూపిస్తే ఎలా? మావారు విదేశీ చదువు డాక్టరు కాబట్టి పదేళ్ల మారటోరియం (అలాంటి డాక్టర్లు పదేళ్లపాటు డాక్టర్ల కొరత ఉన్న చోటే పనిచేయాలన్న నిబంధన) కింద ఇటువైపు వచ్చాం. ఆయనకు ఊరంతా స్నేహితులే, నాకు ఉద్యోగం లేదు. చలికాలంలో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది, వీధిలో మనిషి కనిపించడు. తెలుగు మాట వినాలంటే ఫోనే. కరివేపాకు మొక్క గడ్డకట్టే మంచుకు మాడి చచ్చింది. మనుషులు మంచివాళ్లే, కాదనను. మంచివాళ్ల మధ్య కూడా ఒంటరితనం ఉంటుంది. మీవారు ఇంటి నుంచే పని అంటున్నారు, ముందుగా ఆలోచించాల్సింది ఆయన గురించి.

పప్పుధాన్యాల_పిచ్చి:
నాది గుంటూరు, రూపన్యుప్ చుట్టుపక్కల పొలాల్లో వ్యవసాయ సలహాదారు పని. పప్పు కోసం బెంగపడకండి, ఈ విమ్మెర ప్రాంతం ఆస్ట్రేలియాలో మసూర్ పప్పుకు పుట్టిల్లు. కోతలప్పుడు అడిగితే రైతు బకెట్ నిండా పోసి ఇస్తాడు. పొట్టుతో బూడిద రంగులో ఉంటుంది, కుక్కర్‌లో ఇంకో రెండు కూతలు రానివ్వాలి, పప్పుచారుకు బ్రహ్మాండం. కందిపప్పు మాత్రం మెల్‌బోర్న్ నుంచే.

ఇంకొకటి. 2017 డిసెంబరులో మన దేశం శనగలు, మసూర్ మీద 30 శాతం దిగుమతి సుంకం వేసింది. ఇక్కడి ధరలు కుప్పకూలాయి. ఆ ఏడాది పబ్బులో ప్రతి రైతూ నన్నే నిలదీశాడు, ఢిల్లీలో సంతకం పెట్టింది నేనే అన్నట్టు. మన పార్లమెంటు వార్తలు మనకంటే వీళ్లే శ్రద్ధగా చదువుతారు.

నిల్_మీదుగా:
పక్కనున్న హిండ్‌మార్ష్ షైర్‌లో నిల్ అనే ఊరు చూడండి. జనం 2,000 పైచిలుకు. 2010 నుంచి బర్మాకు చెందిన కరెన్ శరణార్థులు అక్కడికి వచ్చారు, బాతు మాంసం తయారుచేసే సంస్థ వాళ్లకు పని ఇచ్చింది. అయిదేళ్లలో ప్రాంతానికి 4.15 కోట్ల డాలర్ల మేలు జరిగిందని 2015 నాటి నివేదిక తేల్చింది. వాళ్లు ఒక్కొక్కరుగా కాక కుటుంబాలుగా, వెనకా ముందూ తోడుగా వచ్చారు. ఊరివాళ్లు కూడా ముందుగానే సిద్ధమయ్యారు. డాక్టరుగారి ఇంటావిడ చెప్పిన బాధకు మందు అదే. గోదారి_గట్టు గారూ, మీ తోటి నర్సులెవరైనా కలిసి వస్తారేమో అడగండి. రెండు తెలుగు కుటుంబాలుంటే సంక్రాంతి సంక్రాంతిలా ఉంటుంది.

డాక్టరుగారి_ఇంటావిడ:
ఈ మాటకు పూర్తిగా ఒప్పుకుంటాను.

రోడ్ల_గోల:
షైర్ గురించి ఎవరూ చెప్పలేదు. వారక్నబీల్, కార్కారూక్, డన్‌మంకిల్ షైర్లను కలిపి 1995లో దీన్ని చేశారు. పన్ను కట్టేవాళ్లు గుప్పెడు, రోడ్లు వేల కిలోమీటర్లు. 2016 నుంచి పన్ను పెంపుకు రాష్ట్ర ప్రభుత్వం పరిమితి పెట్టింది, కాబట్టి పై నుంచి వచ్చే గ్రాంట్ల మీదే బండి నడుస్తుంది. మా ఇంటి ముందు మట్టిరోడ్డు మీద గ్రేడర్ (రోడ్డు చదును చేసే బండి) కనబడితే పండుగే. సిటీలో కూర్చుని నిర్ణయాలు చేసేవాళ్లు కోతల కాలంలో ధాన్యం లారీల వెనక ఒక్కసారి రావాలి.

హార్షమ్_దారి:
ఆ కోపం నాకూ ఉంది. కానీ వాన కురవకపోతే నీళ్లుండవనే పాత భయం తగ్గింది కదా. ఒకప్పుడు 17,000 కిలోమీటర్లకు పైగా తెరిచిన కాలువల్లో పారిన నీళ్లలో ఎక్కువ భాగం ఎండకూ నేలకూ పోయేవట. ఆ కాలువల బదులు 2010లో విమ్మెర మల్లీ పైపులైను పూర్తయింది.

బొమ్మల_బండి:
మేము చూడటానికి మాత్రమే వెళ్లాం, ఉండటం గురించి చెప్పలేను. బ్రిమ్‌లో పాత ధాన్యం సైలోల (ఎత్తైన గుండ్రటి గిడ్డంగుల) మీద 2016లో గీసిన నలుగురు రైతుల బొమ్మ దగ్గరికెళ్తే మెడ నొప్పి పుడుతుంది, అంత ఎత్తు. షీప్ హిల్స్‌లో బొమ్మ ఆ నేల తొలి ప్రజలది. 2005లో విక్టోరియాలో మొట్టమొదట భూమి హక్కు గుర్తింపు పొందింది వోట్జోబలుక్ తదితర తెగలే. ముర్టోవాలో స్టిక్ షెడ్ తప్పక చూడండి. యుద్ధకాలంలో ఎగుమతులు ఆగి, ఉక్కు దొరక్క, 560 చెట్టు మానులు నిలబెట్టి గోధుమలు నిలవ చేయడానికి ఆ షెడ్డు కట్టారు. లోపలికి వెళితే గుడి మండపంలా ఉంటుంది.

గోదారి_గట్టు:
అందరికీ చాలా థాంక్స్. మా పాపకు ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియదు, నెట్‌బాల్ (బాస్కెట్‌బాల్ లాంటి ఆట) నేర్పిస్తారా? గురువారం ఇంటర్వ్యూ. అద్దె ఇల్లు ఒక్కటి కూడా కనిపించడం లేదు, అదే దిగులు.

హార్షమ్_దారి:
నెట్‌బాల్ కూడా ఆ క్లబ్బులోనే, పిల్లలకు వేరే జట్లున్నాయి. ఇళ్లు వెబ్‌సైట్లలో కనబడవు, ఆసుపత్రులు సిబ్బంది కోసం కొన్ని అట్టిపెట్టుకుంటాయి. ఇంటర్వ్యూలోనే ఇంటి సంగతి అడగండి. ఆరు నెలలకు రాసి ఇస్తే సంతకం పెట్టండి. నోటి మాటతో సర్దుకోవద్దు. లోపల హీటర్ ఉందో లేదో కూడా కనుక్కోండి.