అమ్మ పింఛను విజయవాడకి మార్చుకోవడం ఎలా? ఎవరికైనా తెలుసా?

బెజవాడ_శీను (2025 మార్చి 3, ఉదయం 11:40)
పొద్దున్నుంచీ ఇదే పని. అమ్మకి వితంతు పింఛను చాలా ఏళ్ళుగా వస్తోంది. తుంటి ఆపరేషన్ అయ్యాక మా దగ్గరే ఉంటోంది, ఆధార్‌లో అడ్రసు కూడా ఇక్కడికే మార్పించాను. పింఛను ఇక్కడికి మార్చమంటే సచివాలయంలో ఐడీ తీసుకోవడం లేదంటున్నారు. మీసేవకి వెళ్తే ఆ ఆప్షనే లేదు పొమ్మన్నాడు. హెల్ప్‌లైన్‌లో పాట వినిపిస్తోంది గానీ మనిషి పలకడు. మొన్న ఒకటో తారీఖున పక్కింటి మామ్మగారికి గుమ్మంలోకొచ్చి నాలుగు వేలు చేతిలో పెట్టి వెళ్ళారు. మా అమ్మ చూస్తూ కూర్చుంది. ఏం చెయ్యాలో చెప్పండి బాబూ, బుర్ర వేడెక్కిపోయింది.

కృష్ణాతీరం (11:52)
ఇంత టెన్షన్ ఎందుకండీ, తేలికే. సచివాలయంలో పింఛను బదిలీకి దరఖాస్తు ఇవ్వండి. ఆధార్ జిరాక్సు, పింఛను ఐడీ, మీరు ఉంటున్న చోటి సచివాలయం పేరు చాలు. మా మేనత్తది గుడివాడ నుంచి ఇలాగే మార్పించాం. వచ్చే నెల నుంచి ఇంటికే తెచ్చిస్తారు.

బెజవాడ_శీను (11:58)
అదే ఇచ్చానండీ. ఐడీ కొడితే వివరాలు లేవని వస్తోంది. కార్డు మీద నంబరు స్పష్టంగానే ఉంది.

వార్డు_డ్యూటీ (12:03)
ఏ జిల్లా?

విశ్రాంత_ఫిట్టర్ (12:10)
నాలుగు వేలు రాలేదని బాధపడుతున్నారు. నేను ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా రిటైరయ్యాను. సర్వీసంతా జీతంలోంచి పీఎఫ్ కోశారు. ఈపీఎస్-95, అదే పీఎఫ్ కట్టిన ఉద్యోగుల పింఛను పథకం, దాని కింద కనీస పింఛను ఎంతో తెలుసా? వెయ్యి రూపాయలు. 2014 సెప్టెంబరులో పెట్టారు, ఇప్పటికీ అదే వెయ్యి. ఏడున్నర వేలు చెయ్యమని మేం అడుగుతూనే ఉన్నాం. ఒక్క రూపాయి కట్టనివాళ్ళకి నాలుగు వేలు, కట్టినవాళ్ళకి వెయ్యి. దీన్ని పింఛను అనకూడదు, సాయం అనాలి. పింఛను అంటే సర్వీసు చేసినవాడిది.

మధిర_అల్లుడు (12:19)
ఫిట్టర్ గారూ, జీవితాంతం మిరప తోటల్లో కాయ కోసిన ముసలావిడది సర్వీసు కాదా? ఆవిడకి పీఎఫ్ కొయ్యడానికి యజమాని ఎవరు?

విశ్రాంత_ఫిట్టర్ (12:24)
నేను ఆవిణ్ణి ఏమీ అనలేదు. నా బాధ నాది.

వార్డు_డ్యూటీ (12:26)
జిల్లా అడిగాను.

బెజవాడ_శీను (12:41)
భోజనానికి వెళ్ళాను. ఖమ్మం జిల్లా అండీ. సత్తుపల్లి దగ్గర పల్లెటూరు.

కృష్ణాతీరం (12:44)
అయ్యో, తెలంగాణ పింఛనా! ఆ ముక్క ముందే చెప్పాలి కదండీ. నేను మా గుడివాడ లెక్కలో చెప్పుకుపోతున్నాను.

వార్డు_డ్యూటీ (12:47)
అయితే బదిలీ ఉండదు. ఆసరా, అంటే తెలంగాణ పింఛను ఐడీ, మా ఆంధ్రా సైట్‌లో కనపడదు. అక్కడ రద్దు, ఇక్కడ కొత్త దరఖాస్తు, అంతే దారి. కొత్తవి ఇప్పుడు తీసుకోవడం లేదు. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే భార్యకి ఇచ్చే స్పౌజ్ కేటగిరీ ఒక్కటే నడుస్తోంది. మీ నాన్నగారు ఆంధ్రాలో పింఛను తీసుకునేవారా?

బెజవాడ_శీను (12:50)
లేదండీ, ఆయన పోయి ఇరవై ఏళ్ళు పైనే. అయినా నాకు అర్థం కానిది ఒకటి. అమ్మ తెలంగాణ రేషన్ కార్డు మీద ఇక్కడే బియ్యం తీసుకుంటున్నాం. వేలిముద్ర వేస్తే ఇచ్చేస్తున్నారు. బియ్యానికి లేని సరిహద్దు పింఛనుకి ఎందుకు?

లెక్కల_మాస్టారు (13:15)
మంచి ప్రశ్న, కాస్త ఓపిగ్గా చదవండి. ఆ బియ్యం కేంద్ర ఆహార భద్రత చట్టం కిందవి. ఒకే దేశం ఒకే రేషన్‌లో రాష్ట్రం దాటి బియ్యం ఇవ్వడం మొదలైనదే మన రెండు రాష్ట్రాల మధ్య, 2019 ఆగస్టులో. అటు గుజరాత్, మహారాష్ట్ర జత. మీ అమ్మగారిది కేంద్రం కార్డు కాబట్టి చెల్లుతోంది. తెలంగాణ సొంతంగా ఇచ్చిన కార్డయితే అదీ చెల్లేది కాదు.

పింఛను అలా కాదు. 1995లో మొదలైన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద కేంద్రం ఇచ్చేది వితంతువుకి నెలకి 300. వృద్ధాప్యానికి 200, ఎనభై దాటితే 500. 2012 తర్వాత ఇందులో పైసా పెరగలేదు. అదీ పేదరిక రేఖ లెక్కన రాష్ట్రానికి ఇంతమంది అని పరిమితితోనే. మిగతాదంతా ఏ రాష్ట్రం జేబు ఆ రాష్ట్రానిదే. అందుకే ఈ 2025 మార్చి నాటికి ఇక్కడ 4000, తెలంగాణలో 2016 రూపాయలు, తమిళనాడులో 1200, కేరళలో 1600, హర్యానాలో 3000, బీహార్‌లో 400. మనిషి ఆకలి ఒకటే అయినా ఏ ఒడ్డున పుట్టావన్నదాన్ని బట్టి రేటు. ఆంధ్ర ఏటా దాదాపు 33 వేల కోట్లు దీనికే పెడుతోంది. ఇంకో రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళని అడగ్గానే చేర్చుకుంటే ఆ బరువు ఎవరిది? కేంద్రం తన వాటా పెంచి, అదైనా మనిషి వెంట నడిచేలా చెయ్యాలని నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నా.

మధిర_అల్లుడు (13:31)
2016 రూపాయల దగ్గరే ఆగింది నిజమే. 2019లో రెట్టింపు చేశాక దివ్యాంగులకి తప్ప పెరగలేదు. 2023 ఎన్నికల్లో నాలుగు వేలన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నాం. కానీ మాకు వృద్ధాప్య పింఛను 57 ఏళ్ళకే. ఆంధ్రాలో అరవై దాకా ఆగాలి. బీడీ కార్మికులకీ మా దగ్గర విడిగా ఉంది. ఒక్క అంకె పట్టుకుని రాష్ట్రాన్ని చిన్నబుచ్చొద్దు మాస్టారూ.

లెక్కల_మాస్టారు (13:36)
చిన్నబుచ్చలేదు, అంకె చెప్పాను.

కృష్ణాతీరం (13:40)
57 మీద మొదటిసారి డబ్బు అందింది 2022లో కదండీ? హామీ 2018 నాటిది.

మధిర_అల్లుడు (13:42)
వచ్చిందా లేదా?

వార్డు_డ్యూటీ (13:55)
శీను గారూ, ఇంకో మాట. రేపు కొత్త దరఖాస్తులు తెరిచినా ఆరు అంచెల పరిశీలన ఉంటుంది. పట్టణంలో కుటుంబ ఆదాయం నెలకి 12 వేలు దాటకూడదు. నాలుగు చక్రాల బండి, 300 యూనిట్లు దాటిన కరెంటు, ఇన్‌కం ట్యాక్స్ ఉండకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు. మీ ఇంట్లో ఎవరెవరున్నారు?

బెజవాడ_శీను (14:02)
నేను, నా భార్య, పిల్లలు, తమ్ముడు. నాది బట్టల కొట్లో పని. తమ్ముడు కండక్టరు, ప్రభుత్వ ఉద్యోగమేం కాదు. ఆర్టీసీ కార్పొరేషన్ కదా.

వార్డు_డ్యూటీ (14:04)
ఏ ఆర్టీసీ?

బెజవాడ_శీను (14:05)
ఇక్కడిదే, విజయవాడ డిపో.

వార్డు_డ్యూటీ (14:09)
2020 జనవరి 1 నుంచి ఏపీ ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులే, ప్రజా రవాణా శాఖ కింద. సచివాలయం రికార్డులో అమ్మగారిని మీ కుటుంబం కింద చేరిస్తే (మ్యాపింగ్ అంటాం) అనర్హత వస్తుంది.

మధిర_అల్లుడు (14:14)
చూశారా చిత్రం! అదే తమ్ముడు సత్తుపల్లి డిపోలో ఉంటే ఇంకా కార్పొరేషన్ ఉద్యోగే. మా దగ్గర విలీనం బిల్లు 2023లో పాసై కూర్చుంది, అమలు కాలేదు.

కృష్ణాతీరం (14:20)
అమ్మగారు వేరే ఇంట్లో ఒక్కరే ఉన్నట్టు రాయించేస్తే?

వార్డు_డ్యూటీ (14:22)
ఇంటికొచ్చి చూస్తారు. ఇలాంటి సలహాలు ఇవ్వకండి.

విశ్రాంత_ఫిట్టర్ (14:30)
ఆర్టీసీ అంటే గుర్తొచ్చింది, వాళ్ళలో ఈపీఎస్ వాళ్ళకి కూడా అసలు జీతం మీద లెక్కగట్టే హయ్యర్ పెన్షన్ గొడవ నడుస్తోంది. దానికోసం యజమానితో కలిసి ఇచ్చే జాయింట్ ఆప్షన్ పెట్టినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

మధిర_అల్లుడు (14:41)
శీను గారూ, నా మాట వినండి. తొందరపడి ఆసరా రద్దు చేయించకండి. అది పోతే అటూ ఇటూ కాకుండా అవుతారు. ఊళ్ళో పోస్టాఫీసులోనే తీసుకుంటున్నారా?

బెజవాడ_శీను (14:52)
అవునండీ. పోయిన నెల కారు మాట్లాడుకుని తీసుకెళ్ళాను. అమ్మ వేళ్ళు అరిగిపోయాయి, మిషన్ పట్టదు. పోస్టు అమ్మాయి తడిగుడ్డతో బొటనవేలు తుడిచి, కొబ్బరి నూనె రాసి, మళ్ళీ తుడిచి, చివరికి ఎడమచేతి ఉంగరం వేలికి పడింది. కారు కిరాయి పోను మిగిలింది మందులకే సరిపోలేదు.

మధిర_అల్లుడు (15:03)
వేలిముద్ర పడనివాళ్ళకి పంచాయతీ కార్యదర్శి తన వేలిముద్ర వేసి ఇప్పించే పద్ధతి ఉంది. ముందే ఫోన్ చేసి, ఆయన ఉన్న రోజే వెళ్ళండి. మనిషి మాత్రం కనపడాల్సిందే. ఆధార్ అడ్రసు విజయవాడకి మార్చిన సంగతి కూడా ఎంపీడీవో ఆఫీసులో అడిగి చూడండి, అక్కడ లేరని పేరు తీసేస్తే కష్టం.

లెక్కల_మాస్టారు (15:20)
ఇదే నేను అన్నది. ఆ 300 అయినా మనిషి వెంట వెళ్తే...

వార్డు_డ్యూటీ (15:22)
300కి ఎవరు సంతోషిస్తారు సార్.

లెక్కల_మాస్టారు (15:29)
సూత్రం గురించి మాట్లాడుతున్నానండీ.

బెజవాడ_శీను (18:10)
కార్యదర్శికి ఫోన్ చేశాను, గురువారం రమ్మన్నారు. తమ్ముడు వీక్లీ ఆఫ్ మార్చుకుని తీసుకెళ్తాడు. థాంక్సండీ అందరికీ.

విశ్రాంత_ఫిట్టర్ (18:34)
హయ్యర్ పెన్షన్ సంగతి ఎవరూ చెప్పలేదు.