మార్చిలో మాత్రమే గంట తేడా వస్తున్న సమావేశాలు: మీ అనుభవాలు చెప్పగలరు

రాత్రిపాళీ:
మా బృందంలో కొందరు న్యూయార్క్‌లో, మరికొందరు లండన్‌లో పనిచేస్తారు. ప్రతి మంగళవారం న్యూయార్క్‌లో ఉదయం 10 గంటలకు, అంటే లండన్‌లో మధ్యాహ్నం 3 గంటలకు, అందరం ఫోన్‌లో కలుస్తాం. వేళల పట్టిక పంపే బాధ్యత నాది. గత మార్చిలో వరుసగా రెండు మంగళవారాలు లండన్ వారు గంట ఆలస్యంగా చేరారు. పట్టికలో ఉన్న 3 గంటలకే వచ్చామని వారన్న మాటా నిజమే. తప్పెక్కడ జరిగిందో తెలిసినవారు చెప్పగలరు.

సర్వర్ కాపరి:
రాత్రిపాళీ గారూ, ఒకే సమావేశానికి రెండు వేళలు రాయడంలోనే చిక్కుంది. 2007 నుంచి అమెరికాలో డేలైట్ సేవింగ్ (వేసవి నెలల్లో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి) మార్చి రెండో ఆదివారం మొదలవుతుండగా, బ్రిటన్‌లో అదే నెల చివరి ఆదివారం మొదలవుతుంది. ఆ మధ్యలోని రెండు మూడు వారాలు ఆ నగరాల మధ్య తేడా 5 గంటలు కాదు, 4 గంటలే. అక్టోబరు చివరి ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా మరో వారం ఇదే పరిస్థితి.

అన్నిటినీ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక వేళలో, రాసుకొమ్మని మీకు చాలామంది సలహా ఇస్తారు. జరిగిపోయిన వాటికి అది సరైన పద్ధతే గానీ, జరగబోయే వాటి విషయంలో దానిని నమ్మి నేను దెబ్బతిన్నాను. కైరోలో జరగవలసిన శిక్షణ తరగతుల వేళలను నెలల ముందే యూటీసీలోకి మార్చి భద్రపరిచాను. 2016 జూలైలో ఈజిప్టు ప్రభుత్వం, డేలైట్ సేవింగ్ మొదలు కావడానికి కొద్ది రోజుల ముందు, దానిని రద్దు చేసింది. ఉదయం 9 గంటల తరగతులన్నీ మా తెరపై 8 గంటలకు జరిగిపోయాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి సరిదిద్దుకోవలసి వచ్చింది. అప్పటినుంచి స్థానిక వేళను, దాని పక్కన 'ఆఫ్రికా/కైరో' వంటి టైమ్ జోన్ పేరును మాత్రమే భద్రపరుస్తున్నాను. తేడాను ఆ రోజున అమలులో ఉన్న నియమాన్ని బట్టి కంప్యూటరే లెక్కకడుతుంది.

బాటసారి:
టైమ్ జోన్ సరిగ్గా ఉన్నా గంటలు లెక్కించే తీరు వేరై ఉండవచ్చునండీ. ఇథియోపియాలో వాడుకలో గంటలను ఉదయం 6 నుంచి లెక్కపెడతారు. అడిస్ అబాబాలో ఒక పెద్దాయన నన్ను మూడు గంటలకు రమ్మన్నారు. నేను మధ్యాహ్నం 3 గంటలకు వెళ్లేసరికి, ఉదయం 9 నుంచి ఎదురుచూసి ఆయన వెళ్లిపోయారని తెలిసింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

లోలకం:
నేను చేతిగడియారాలు బాగుచేస్తాను. సరిగ్గా గంట తేడా వస్తే నియమాలను, సెకన్ల తేడా వస్తే గడియారాన్ని పరిశీలించాలి. క్వార్ట్జ్ గడియారంలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తే సెకనుకు ఒక్క స్పందన మిగులుతుంది, దానితోనే ముల్లు కదులుతుంది. ఆ స్ఫటికాన్ని సాధారణంగా 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా కోస్తారు గనుక, చలికైనా వేడికైనా గడియారం వెనకబడుతుంది. చలికాలంలో రాత్రిపూట కిటికీ పక్కన పెట్టే గడియారం ఒకటి నా దగ్గరకు రెండుసార్లు వచ్చింది. లోపల ఏ లోపమూ లేదు. పెట్టే చోటు మార్చాక మళ్లీ రాలేదు.

రాత్రిపాళీ:
యూటీసీకి అప్పుడప్పుడు అదనంగా కలిపే లీపు సెకను వల్ల కూడా ఇబ్బందులు వస్తాయని విన్నాను. అది మా పట్టికను తాకుతుందా?

సర్వర్ కాపరి:
మీ పట్టికకు భయం లేదు; యంత్రాలకే ఉంటుంది. భూభ్రమణం పరమాణు గడియారాలంత నిలకడగా ఉండదు కనుక 1972 నుంచి ఇప్పటివరకు 27 లీపు సెకన్లు కలిపారు. 2012 జూన్ 30న యూటీసీ ప్రకారం 23:59:60 అనే సెకను వచ్చినప్పుడు నేను విధుల్లో ఉన్నాను. నా ముందున్న యంత్రాల ప్రాసెసర్లు ఒక్కసారిగా పూర్తి భారానికి చేరాయి, ఫ్యాన్ల హోరు గది బయటికి వినిపించింది. గడియారాన్ని మళ్లీ అదే వేళకు సెట్ చేయగానే అవి శాంతించాయి. 2016 చివర కలిపినదే ఇంతవరకు ఆఖరిది. 2035 నాటికల్లా ఈ పద్ధతిని మార్చాలని 2022లో తూనికలు, కొలతల సర్వసభ్య సమావేశం తీర్మానించింది.

రాత్రిపాళీ:
పట్టికలో లండన్ గడిని తీసివేసి, 'అమెరికా/న్యూయార్క్, ఉదయం 10' అని మాత్రమే ఉంచాను. అక్టోబరు చివరి వారంలో లండన్ వారి క్యాలెండర్లు వాటంతట అవే మధ్యాహ్నం 2 గంటలు చూపించాయి, అందరూ వేళకే చేరారు. మీ అందరికీ ధన్యవాదాలు.