నైట్ గార్డు: మెత్తదా, గట్టిదా? (బెంగళూరు)

సర్జాపుర_లక్ష్మి:
మావారు నిద్రలో పళ్ళు కొరుకుతారు. పక్కగదిలోకి వినబడేంత చప్పుడు. పొద్దున లేచేసరికి కణతలు పట్టేసి ఉంటాయి, కుడివైపు దవడపన్ను ఒకటి చిట్లింది కూడా. ఆన్‌లైన్‌లో దొరికే, వేడినీళ్ళలో వేసి కొరికి ఆకారం తెచ్చుకునే, రాత్రిపూట పళ్ళకు తొడుక్కునే గార్డు వాడారు. కొన్నాళ్ళకే వెనకవైపు చిల్లు పడింది. ఇప్పుడు ఒక డెంటిస్టు మెత్త గార్డు చాలంటున్నారు, ఇంకొకరు గట్టి అక్రిలిక్‌దే వేయించమంటున్నారు. ధరలో చాలా తేడా ఉంది. దేనికి వెళ్ళాలి, క్లినిక్‌లో ఏం అడగాలి? ఇంకోటి, మాది ట్యాంకర్ నీళ్ళ అపార్ట్‌మెంటు. పాత గార్డు మీద తెల్లపొర కట్టింది, ఎలా పోగొట్టాలి?

కోరపన్ను:
లక్ష్మిగారూ, ముందు ఆ చిట్లిన పన్ను సంగతి చూడండి. ఫిల్లింగో క్యాపో అయ్యాకే గార్డుకు కొలత ఇవ్వాలి. గార్డు ముందు చేయించి క్యాపు తర్వాత వేస్తే గార్డు ఎక్కదు, మళ్ళీ డబ్బు.

ఇంత గట్టిగా కొరికేవాళ్ళకి నా ఓటు గట్టిదానికే. మెత్తది నోట్లో ఉంటే కొందరు దాన్ని నమలడం మొదలెడతారు, దవడ కండరానికి పని తగ్గకపోగా పెరుగుతుంది. అసలు ఇబ్బంది వేరే ఉంది. మెత్తదాన్ని సరిచేయడం చాలా కష్టం. బర్ (అరగదీసే డ్రిల్ ముక్క) పెడితే పీచులేస్తుంది తప్ప నున్నగా అరగదు. గార్డు పనిచేసేదీ చెడేదీ ఆ సరిచేయడం దగ్గరే. లోపల మెత్తగా, పైన గట్టిగా ఉండే రెండు పొరలవి కూడా వస్తాయి. పెట్టుకోవడానికి సుఖంగానే ఉంటాయి కానీ కొన్నాళ్ళకు అంచుల దగ్గర పొరలు విడిపోయే అవకాశం ఉంది.

అమర్చే రోజు డాక్టరు రంగు కాగితం పెట్టి కొరికిస్తారు. కాగితం దాదాపు 40 మైక్రాన్లది వాడతారు. దవడపళ్ళ మచ్చలు రెండు వైపులా ఒకే ముదురుగా, వీలైతే ప్రతి పంటికీ ఒకటి చొప్పున పడాలి. దవడను పక్కకు జరిపితే కోరపన్ను ఒక్కటే గార్డు మీద జారాలి, వెనకపళ్ళు విడిపోవాలి. పక్కకు జరిపినప్పుడు వెనక కూడా గీత పడితే అక్కడ గార్డును ఇంకా అరగదీయాల్సి ఉందన్నమాట. కూర్చోబెట్టి చూశాక కుర్చీ వాల్చి కూడా చూడాలి, వెల్లకిలా పడుకుంటే దవడ కాస్త వెనక్కి జారుతుంది గదా. ఈ పనంతా అయిదు నిమిషాల్లో అయిపోదు. గార్డు చేతికిచ్చి పంపించేసే చోట ఎంత మంచి సరుకైనా దండగే. వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి సరిచేయడం ఆ ధరలోనే కలిసి ఉందా అని ముందే అడగండి.

ముందుపళ్ళకు మాత్రమే తొడిగే చిన్న గార్డులు అమ్ముతారు. దీర్ఘకాలం వద్దు. వెనకపళ్ళకు ఎదుటి తాకిడి లేకపోతే మెల్లగా పైకి లేస్తాయి, చివరికి నోరు మూసినా ముందుపళ్ళు కలవవు. నిద్రలో ఊడి గొంతులో పడే భయమూ ఉంది. పెద్ద గార్డైనా సరే, ఆ వరసలోని చివరి పన్నుదాకా కప్పాలి.

పొద్దున తీశాక కాసేపు పళ్ళు సరిగ్గా కలవనట్టుంటే కంగారుపడొద్దు. మధ్యాహ్నానికి కూడా అలాగే ఉంటే మాత్రం వెళ్ళండి. ఒకే పన్ను రోజూ నొప్పెడితే అలవాటవుతుందిలే అని ఊరుకోకండి, అక్కడ గార్డు ఎత్తుగా ఉందన్నమాట. ఇంకో మాట, గార్డు పెట్టినంత మాత్రాన కొరకడం ఆగదు. పన్నుకు బదులు గార్డు అరుగుతుంది, అంతే.

అచ్చులపని:
కోరపన్నుగారు చెప్పినదానికి ల్యాబ్ వైపు నుంచి కొంచెం.

మెత్త గార్డు చేసేటప్పుడు 3 మి.మీ. షీటు వేడిచేసి మోడల్ (పళ్ళ నమూనా) మీదికి వాక్యూమ్‌తో లాగుతాం. సాగేసరికి పంటి మొనల మీద షీటు బాగా పలచబడుతుంది, 3 కాస్తా 2 దగ్గరికి వచ్చేస్తుంది. 2 మి.మీ. షీటుతో మొదలెడితే మిగిలేది ఇంకెంత? కాబట్టి ‘ఎన్ని మిల్లీమీటర్ల గార్డు’ అని అడిగి ఊరుకోవద్దు. ‘చివరి దవడపన్ను మీద ఎంత మిగులుతుంది’ అని అడగండి.

గట్టిదాంట్లో చిల్లుకు కారణం చాలాసార్లు బైట్, అంటే పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరుకు తీసే అచ్చు. పళ్ళు పూర్తిగా మూయించి బైట్ తీసి పంపితే, మేం ఆర్టిక్యులేటర్ (దవడ కదలికను అనుకరించే మిషన్) పిన్ను పైకి జరిపి గార్డుకు చోటు చేసుకోవాలి. మిషన్ తెరుచుకునే వంపు వేరు, మనిషి దవడ తెరుచుకునే వంపు వేరు. నోట్లో పెట్టేసరికి చివరి దవడపళ్ళు ముందు తగిలి, ముందుపళ్ళు తేలిపోతాయి. డాక్టరు కుర్చీ దగ్గర వెనకవైపే అరగదీస్తూ పోతారు, అక్కడ గార్డు కాగితంలా అవుతుంది. ఇక చిల్లు అక్కడే. గార్డు మందం మేరకు, దవడపళ్ళ మధ్య సుమారు 2 మి.మీ. ఎడం ఉంచి బైట్ తీస్తే ఈ గోల ఉండదు.

అల్జినేట్ (పొడిని నీళ్ళతో కలిపి తీసే) అచ్చు అయితే దాంట్లో వెంటనే స్టోన్ (గట్టి ప్లాస్టర్) పోయాలి. ఆగేకొద్దీ నీరు పోయి అచ్చు కుంచించుకుపోతుంది. క్లినిక్‌లో తీసిన అచ్చు బ్యాగులో పడి సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్ దాటి ల్యాబ్‌కు వచ్చిందంటే ఆ గార్డు ఒక మూల పైకి లేచే ఉంటుంది. అక్కడే మోడల్ పోసి పంపేవాళ్ళు, లేదా నోట్లో స్కానర్‌తో తీసేవాళ్ళు ఉంటే వాళ్ళ దగ్గరికే వెళ్ళండి.

కావేరి_లైన్_లేదు:
తెల్లపొర కాల్షియం. బోరు, ట్యాంకర్ నీళ్ళున్న చోట తప్పదు. తెల్ల వెనిగర్, మంచినీళ్ళు సమంగా కలిపి గార్డును పావుగంట నానబెట్టి, మెత్త బ్రష్‌తో రుద్ది కడగండి. నెలకొకటి రెండుసార్లు చాలు. రోజువారీ కడగడానికి క్యాన్ నీళ్ళో ఆర్‌ఓ నీళ్ళో వాడితే పొర చాలావరకు కట్టదు.

టూత్‌పేస్టు వద్దు, అది గరుకు, గీతలు పడి వాసన పట్టేస్తుంది. అంట్లు తోమే లిక్విడ్ ఒక చుక్క మేలు. గీజర్ నీళ్ళు అసలు వద్దు, వంగిపోతుంది. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌లో నానబెడితే అక్రిలిక్ మీద సన్నటి పగుళ్ళొస్తాయి. తడి ఆరాకే డబ్బాలో పెట్టండి, డబ్బాకు గాలి రంధ్రాలుండాలి. ఇంట్లో కుక్క ఉంటే టేబుల్ మీద వదలకండి, లాలాజలం వాసనకు నమిలి పారేస్తుంది.

సర్జాపుర_లక్ష్మి:
అందరికీ థాంక్సండీ. రెండు సంగతులు చెప్పలేదు. మావారికి గురక ఎక్కువ, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తారు. ఆందోళనకు సెర్ట్రలిన్ కూడా వాడుతున్నారు. ఇంకా మా నాలుగేళ్ళ పాపా పళ్ళు కొరుకుతుంది. మా అత్తయ్య నులిపురుగుల మందు పట్టమంటున్నారు.

కోరపన్ను:
అయితే వరస మారుతుందండీ. గార్డుకంటే ముందు స్లీప్ స్టడీ. ఊపిరి ఆగే సమస్య ఉన్నవాళ్ళలో కొందరికి పైదవడ గార్డు పెడితే ఆ ఆగడం ఇంకా ఎక్కువవుతుంది. స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం) తేలితే మాస్కుతో గాలి ఒత్తి పంపే సీప్యాప్ మిషనో, కిందిదవడను ముందుకు జరిపి పట్టుకునే వేరే పరికరమో ఇస్తారు. ఆ పరికరమూ ఈ నైట్ గార్డూ ఒకటి కాదు.

సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటి మందుల వల్ల కొందరికి పళ్ళు కొరకడం మొదలవుతుంది, లేదా పెరుగుతుంది. మందు మొదలెట్టాకే చప్పుడు ఎక్కువైందా అన్నది గుర్తుచేసుకుని సైకియాట్రిస్టుకు చెప్పండి. మోతాదు మార్చడమో మందు మార్చడమో వాళ్ళ పని. మీరు మాత్రం ఆపేయకండి, హఠాత్తుగా మానేస్తే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి మొదలవ్వచ్చు.

పులితేన్పులు ఉన్నాయేమో కూడా అడగండి. పన్ను మీద చిన్న గిన్నెల్లా గుంటలు పడి, పాత ఫిల్లింగు చుట్టూ పన్ను కరిగి ఫిల్లింగు మెట్టులా పైకి కనిపిస్తే అది ఆమ్లం పని. కొరుకుడు వల్ల అరిగిన పన్ను బల్లపరుపుగా, మెరుస్తూ ఉంటుంది. రెండూ కలిసుండటమూ మామూలే.

పాపకు గార్డు వద్దు. పాలపళ్ళప్పుడు కొరకడం చాలామంది పిల్లల్లో ఉంటుంది, ఎక్కువమందికి పెద్దపళ్ళు వచ్చేలోగా తగ్గుతుంది. దవడ ఇంకా పెరుగుతోంది, గార్డు దానికి అడ్డం. నులిపురుగులుంటే ఆ మందు వాటికి పనిచేస్తుంది, పళ్ళ కొరుకుడు తగ్గుతుందని చూడకండి. గురక, నోటితో గాలి పీల్చడం ఉంటే మాత్రం ఈఎన్‌టీకి చూపించండి.

దవడ_ఫిజియో:
పగలు కూడా బిగిస్తున్నారేమో గమనించండి లక్ష్మిగారూ. కంప్యూటర్ ముందు, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో చాలామంది బిగిస్తారు, వాళ్ళకే తెలీదు. నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పళ్ళు ఒకదానికొకటి తగలకూడదు. పెదాలు మూసి, పళ్ళు విడిగా, నాలుక కొన పై ముందుపళ్ళ వెనక మెత్తగా ఆనించి ఉంచమనండి. మానిటర్ మూలన ఒక రంగు చుక్క అంటించి, అది కంటబడినప్పుడల్లా దవడ వదలమనండి. సాయంత్రం తర్వాత కాఫీ మానాలి. నొప్పి ఉన్న రోజుల్లో చూయింగ్ గమ్, చెరుకు, జంతికలు పక్కన పెట్టాలి.

అచ్చులపని:
ధర భారమైతే విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ప్రోస్థోడాంటిక్స్ (కట్టుడుపళ్ళు, క్యాపుల) విభాగానికి వెళ్ళి అడగండి. ఒక్కసారితో పనవదు, పీజీ విద్యార్థులు చేస్తారు, పైన ప్రొఫెసర్లు చూస్తారు. పాత గార్డు పారేయకుండా పట్టుకెళ్ళండి, చిల్లు ఎక్కడ పడిందో చూస్తే బలం ఏ పంటి మీద పడుతోందో వాళ్ళకు తెలిసిపోతుంది.