‘తెరుచుకోవడం లేదు’, ‘తెరవనివ్వడం లేదు’: షేర్డ్ డ్రైవ్ ఫిర్యాదుకు తగిన మాట ఏది?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. నేను హైదరాబాదులోని ఒక సంస్థలో కంప్యూటర్ల విభాగం చూస్తాను. ఇంటి నుంచి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రంగా కలిపే దారి) ద్వారా ఆఫీసు షేర్డ్ డ్రైవ్ (అందరూ ఉమ్మడిగా వాడే ఫైళ్ల చోటు) వాడుకొనే అకౌంట్స్, స్టోర్స్ సిబ్బంది కోసం, అది పనిచేయనప్పుడు ముందుగా ఏం చూసుకోవాలో, మాకు ఫోన్ చేసి ఏం చెప్పాలో వివరించే ఒక పేజీ సూచనను తెలుగులో తయారు చేస్తున్నాను. ఇప్పుడు ఏ ఇబ్బంది వచ్చినా "యాక్సెస్ రావడం లేదండీ" అన్న ఒక్క మాటే వినబడుతోంది. యాక్సెస్‌కు ‘ప్రాప్యత’ అన్న మాటను కొన్నిచోట్ల చూశాను. "షేర్డ్ డ్రైవ్‌కు ప్రాప్యత లేదు" అని రాస్తే సరిపోతుందా, ఇంతకంటే మంచి మాట ఉందా?

మొదటి జవాబు

‘ప్రాప్యత’లో వ్యాకరణ దోషమేమీ లేదు. ప్రాప్యమంటే పొందదగినది, దాని భావార్థకం ప్రాప్యత. అయితే మీకు కావలసింది డ్రైవ్ గుణం పేరు కాదు, ఇంట్లో కూర్చున్న మనిషికి తెరమీద ఏం జరిగిందన్న సంగతి. యాక్సెస్ అనే నామవాచకాన్ని తీసి ఇంకొక నామవాచకాన్ని పెడితే ఫిర్యాదు మునుపటంత అస్పష్టంగానే ఉంటుంది. అందువల్ల పేరును వదిలి క్రియను పట్టుకోమని నా సలహా. ఈ పనికి చాలినన్ని క్రియలు తెలుగులో ఉన్నాయి, అవి ఒక్కొక్కటీ ఒక్కో లోపాన్ని చూపిస్తాయి.

మొదటిది ‘కనబడడం లేదు’. వీపీఎన్ కలిసిందని తెర చూపిస్తున్నా, డ్రైవ్ ఉన్న సర్వర్ పేరు కొడితే అలాంటిది లేదంటుంది. ఆఫీసులో సర్వర్ చిన్న పేరు కొడితే సరిపోయేది, ఎందుకంటే అక్కడి కంప్యూటర్లు ఆఫీసు డీఎన్ఎస్‌ను (పేరు చెబితే నెట్‌వర్క్ చిరునామా చెప్పే సేవను) అడుగుతాయి, లేదా పక్కనున్న యంత్రాలను నేరుగా అడిగి తెలుసుకుంటాయి. ఇంట్లోనైతే ఆ ప్రశ్న ఇంటి రౌటర్ చూపించిన డీఎన్ఎస్‌కు వెళ్లే అవకాశం ఉంది, దానికి మీ సర్వర్ పేరు తెలిసే వీలు లేదు. డొమైన్‌తో కలిపి పూర్తి పేరు కొట్టమనండి. అప్పటికీ దొరకకపోతే ఎన్ఎస్‌లుకప్ అనే కమాండ్ నడిపి ఏ డీఎన్ఎస్ జవాబిస్తోందో చూడాలి.

రెండవది ‘చేరడం లేదు’. పేరుకు చిరునామా దొరికింది కాని అక్కడికి దారి కుదరలేదు. ఫైళ్ల పంపకానికి విండోస్ వాడే ఎస్ఎంబీ పద్ధతి 445 పోర్టు (ఒక్కో పనికి కేటాయించిన సంఖ్య) మీద నడుస్తుంది, వీపీఎన్ ద్వారంలో ఆ పోర్టుకు అనుమతి లేకపోతే పింగ్ (సర్వర్ పలుకుతోందా అని పంపే చిన్న పరీక్ష) జవాబిచ్చినా డ్రైవ్ రాదు. ఇంకొక కారణం చాలామందికి తట్టదు. ఇంటి రౌటర్ 192.168.1 వరుసలో చిరునామాలు ఇస్తూ, ఆఫీసు నెట్‌వర్క్ కూడా అదే వరుసలో ఉంటే, రెండు వీధుల్లో ఒకే ఇంటి నంబరు ఉన్నట్టు, కంప్యూటర్ ఆఫీసు సర్వర్‌ను ఇంట్లోనే వెతికి ఊరుకుంటుంది. ఇంటి రౌటర్ వరుసను మార్చడం దీనికి సులభమైన విరుగుడు. ఇక్కడ ఒక విశేషం ఉంది. పేరు తెలియకపోయినా, దారి లేకపోయినా విండోస్ తరచుగా చూపించేది 53 అన్న ఒకే ఎర్రర్ సంఖ్య. ఈ విషయంలో మన రెండు క్రియలు విండోస్ కంటే మేలు.

మూడవది ‘తెరవనివ్వడం లేదు’. ఇదే నాకు అన్నిటికంటే నచ్చినది. ‘తెరుచుకోవడం లేదు’ అన్నప్పుడు తలుపు తనంతట తానే బిగుసుకున్నట్టుంటుంది, అడ్డుపడినవారు ఎవరూ వాక్యంలో కనిపించరు. ‘తెరవనివ్వడం లేదు’లోని ‘ఇచ్చు’ అనే సహాయక క్రియ, అవతల ఒకరున్నారనీ, వారు మనల్ని గుర్తించో గుర్తించకో ఆపుతున్నారనీ చెబుతుంది. అంటే పేరు దొరికింది, దారి కుదిరింది, సర్వర్ పలికింది, అనుమతి మాత్రం రాలేదు. ఎర్రర్ 5 వస్తే ఆ ఫోల్డర్ మీద హక్కు లేదు, 1326 వస్తే యూజర్ పేరో పాస్‌వర్డో కలవలేదు. ఆఫీసులో పాస్‌వర్డ్ మారి, ల్యాప్‌టాప్ మాత్రం తన దగ్గర దాచుకున్న పాతదానితోనే లాగిన్ అయినప్పుడు ఈ ఇబ్బంది ఎక్కువ. అప్పుడు విండోస్ పాస్‌వర్డ్‌లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌లోని పాత నమోదును తీసేసి, వీపీఎన్ కలిసి ఉండగా తెరకు తాళం వేసి, కొత్త పాస్‌వర్డ్‌తో తీయమనండి.

రెండవ జవాబు

పై వివరణ బాగుంది. నాకు ఒక సందేహం. ‘చేరడం లేదు’ కంటే ‘అందడం లేదు’ సహజం కాదా? ‘అందుబాటు’ అనే మాట ఎలాగూ అందరికీ తెలిసినదే కదా.

మొదటి జవాబు రాసినవారు

మాట చక్కనిదే, అయితే ఆఫీసులో అది చిక్కు తెస్తుంది. "ఫైలు అందలేదు" అంటే మన కార్యాలయాల వాడుకలో ఎవరో పంపిన ఫైలు ఇంకా చేతికి రాలేదని అర్థం. అకౌంట్స్‌వారు ఆ మాట అంటే, అవతలివారు ఎవరు పంపాలి, ఎప్పుడు పంపారు అని అడుగుతారు తప్ప నెట్‌వర్క్ వైపు చూడరు.

మూడవ జవాబు

నాలుగవ క్రియ ఒకటి మిగిలిపోయింది, దాన్ని మీ సిబ్బంది ఇప్పటికే వాడుతూ ఉంటారు: "తిరుగుతూనే ఉందండీ." డ్రైవ్ తెరుచుకుంటుంది, ఫోల్డర్ల పేర్లు కనబడతాయి, పెద్ద ఎక్సెల్ ఫైలు నొక్కితే గుండ్రటి గుర్తు ఆగకుండా తిరుగుతుంది. మామూలు ఈథర్‌నెట్ ప్యాకెట్‌లో 1500 బైట్లు పడతాయి, వీపీఎన్ తన పైకట్టు (ప్రతి ప్యాకెట్‌కు తాను చేర్చే అదనపు సమాచారం) కోసం అందులో కొంత చోటు తీసుకుంటుంది. ఆ లెక్క సరిగా కుదరకపోతే చిన్న పింగ్ దాటిపోతుంది, పెద్ద ఫైలు దారిలో చిక్కుకుంటుంది. లెక్క సరిగానే ఉన్నా, ఎస్ఎంబీ ఒక్క ఫైలు తెరవడానికే సర్వర్‌తో అనేకసార్లు మాట్లాడుతుంది కనుక, దూరం వల్ల ప్రతి మాటకూ పట్టే ఆలస్యం పోగుపడుతుంది. ఇది ‘యాక్సెస్ లేదు’ కింద రాకూడదు. దీన్ని వేరుగా రాయించండి, లేకపోతే పాస్‌వర్డ్ మార్చుకోవడంలోనే మధ్యాహ్నమంతా గడిచిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. కాగితాన్ని ఇలా మార్చాను: "ఫోన్ చేసేముందు వీపీఎన్ కలిసిందో లేదో చూసుకొని, ఈ నాలుగింటిలో ఏది జరుగుతోందో చెప్పండి. డ్రైవ్ కనబడడం లేదు. డ్రైవ్ దాకా చేరడం లేదు. డ్రైవ్ తెరవనివ్వడం లేదు. డ్రైవ్ తెరుచుకొని తిరుగుతూనే ఉంది. తెరమీద ఏదైనా సంఖ్య ఉంటే దాన్ని కూడా చెప్పండి." వీపీఎన్, షేర్డ్ డ్రైవ్, పాస్‌వర్డ్ అన్న మాటలు తెరమీద అలాగే కనిపిస్తాయి కనుక వాటిని మార్చలేదు. అయితే మొదటి రెండింటిలో తేడా మామూలు ఉద్యోగికి ఎలా తెలుస్తుంది?

మొదటి జవాబు రాసినవారు

తెలియదు, తెలియనవసరం లేదు. ఆ రెండు వాక్యాలనూ కలిపి "డ్రైవ్ కనబడడం లేదు" అని ఒక్కటే ఉంచండి. ‘చేరడం లేదు’ అన్నది ఎన్ఎస్‌లుకప్ చూశాక మీ విభాగంవారు తమ రిజిస్టర్‌లో రాసుకోవలసిన మాట.