దీపావళి సంబరాల ఆరోగ్య శిబిరం: ప్రసంగాంశం, పరీక్షల ఏర్పాట్లు

శిబిర సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. ఈసారి శిబిరంతో పాటు అరగంట ప్రసంగం కూడా ఉండాలని కార్యవర్గం నిర్ణయించింది. జన్యు సవరణ, బరువు తగ్గించే ఇంజెక్షన్లు, కృత్రిమ మేధ అంటూ చాలా సూచనలు వచ్చాయి గాని, అరగంటలో అన్నింటినీ ముట్టుకుంటే వినేవారికి ఏదీ మిగలదు కనుక, మనవారి గుండెకు నేరుగా సంబంధించిన లైపోప్రోటీన్ లిటిల్-ఎ (రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం ప్రోటీన్ కణం, ఎక్కువైతే గుండెపోటు ముప్పు పెరుగుతుంది) ఒక్కదానినే తీసుకుందామని నా ప్రతిపాదన. అమెరికాలోని దక్షిణాసియా వారి గుండె జబ్బులపై 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాలలో మొదలైన ‘మసాలా’ అధ్యయనంతో ప్రారంభించవచ్చు. ఆ పేరు వింటేనే సభ సగం మన వైపు తిరుగుతుంది. వైద్య బృందం అభిప్రాయం తెలుపగలరు.

వైద్య బృందం తరఫున:
ప్రతిపాదన సమంజసంగా ఉంది. లిటిల్-ఎ స్థాయిని ప్రధానంగా తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులే నిర్ణయిస్తాయి. పథ్యంతో గాని, నడకతో గాని అది పెద్దగా మారదు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలకూ తగ్గదు. మామూలు కొలెస్ట్రాల్ పరీక్షలో కనిపించదు కాబట్టి, రిపోర్టు చూసుకొని నిశ్చింతగా ఉన్నవారిలో కూడా అది ఎక్కువగా ఉండవచ్చు. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ కిందే లెక్క. ప్రతి ఒక్కరికీ పెద్దయ్యాక ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించే విషయం ఆలోచించాలని ఐరోపా హృద్రోగ నిపుణుల మార్గదర్శకాలు 2019లోనే సూచించాయి.

కొత్త మందుల గురించి మాత్రం ఆచితూచి మాట్లాడాలి. పెలాకార్సెన్, ఓల్పాసిరాన్, లెపోడిసిరాన్ అనేవి కాలేయంలో ఈ ప్రోటీన్ తయారీకి ఆదేశం మోసుకెళ్లే ఆర్‌ఎన్‌ఏను నాశనం చేస్తాయి. 2025లో వెలువడిన రెండో దశ ప్రయోగ ఫలితాలలో లెపోడిసిరాన్ అత్యధిక మోతాదు, రక్తంలోని లిటిల్-ఎ స్థాయిని సుమారు 94 శాతం తగ్గించింది. అయితే రిపోర్టులో అంకె తగ్గడం వేరు, గుండెపోట్లు తగ్గడం వేరు. ఆ రెండోది తేల్చడానికే వేలాది మందితో మూడో దశ ప్రయోగాలు చేపట్టారు. ‘మందు వచ్చేసింది’ అన్న మాట కరపత్రంలో ఎక్కడా ఉండకూడదు.

యువజన విభాగం:
ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులలో చాలామందికి ఇక్కడ సరైన బీమా ఉండదు. వారి కోసం శిబిరంలోనే రక్తం తీసి ఈ పరీక్ష ఉచితంగా చేయించలేమా?

శిబిర సమన్వయకర్త:
ఆలోచన మంచిదే, కానీ రక్తం తీయడానికి అనుమతులు, లాబు ఒప్పందం కావాలి. అంతకు మించి, ఫలితం ఎక్కువగా వచ్చినవారికి ఆ తరువాత ఎవరు సలహా చెబుతారన్న ప్రశ్నకు మన దగ్గర సమాధానం లేదు. హైదరాబాదు, విజయవాడ ప్రైవేటు లాబులలో ఈ పరీక్ష దొరుకుతుంది కనుక, పెద్దలు తిరిగి వెళ్లాక అడగవలసిన పరీక్ష పేరును తెలుగులో, ఇంగ్లీషులో చీటీపై ముద్రించి ఇద్దాం.

శిబిరంలో బీపీ, నడుము కొలతలకే పరిమితమవుదాం. నడుము చుట్టుకొలతకు మనవారికి వర్తించే హద్దులు, అంటే పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు, గోడపత్రికపై పెద్ద అక్షరాలతో ఉండాలి. బీపీ చూసే ముందు అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టాలి కాబట్టి, ఆ బల్లను వేదిక స్పీకర్లకూ, ముఖ్యంగా కాఫీ కౌంటరుకూ దూరంగా వేయించే బాధ్యత యువజన విభాగం తీసుకోగలరా? లావు చేతులకు సరిపడే పెద్ద పట్టీ ఉన్న బీపీ యంత్రం ఎవరి వద్దనైనా ఉంటే ఇక్కడే తెలియజేయండి.